మూడో పాదం చివర

శనివారం పొద్దున కేహౌ బియ్యం కడుగుతోంది. మూడోసారి పోసిన నీళ్ళే తేటగా ఉన్నాయి. అయినా నాలుగోసారి పోసింది. వాకిట్లో నాన్న ట్రక్కు ఇంకా కదల్లేదు మరి.

"ఇంకా కడిగావంటే ఆ బియ్యం అరిగిపోతాయే," అన్నాడు హనాలే, గాలం కర్ర భుజాన వేసుకుని.

"నువ్వు బయల్దేరు నాన్నా. చేపలు నీకోసం కూర్చుని ఉంటాయా?"

"మధ్యాహ్నానికి వచ్చేస్తా. వాన వచ్చేట్టుంది."

అమ్మ పోయిన ఈ నాలుగేళ్ళలో తండ్రీకూతుళ్ళ మాటలు ఇవే: బియ్యం, చేపలు, వాన. హవాయి దీవుల్లోని హీలోలో వానకు కొదవ లేదు కాబట్టి మాటలు పూర్తిగా ఆగిపోలేదు.

ట్రక్కు చప్పుడు మలుపు తిరిగాక కేహౌ చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్ళింది. మూల దుప్పటి కింద హనాలే బేస్ గిటారు ఉంది. ఒకప్పుడు సాయంత్రాలు అమ్మ ఉలులాని, యుకలేలే అనే నాలుగు తీగల చిన్న గిటారు పట్టుకుంటే ఆయన బేస్ అందుకునేవాడు. కారు షెడ్డులో వీధంతా చేరేది. ఈ ఇంటి మీద ఉలులాని ఒక పాట కట్టింది. ఆ దీవుల్లో ఒక ఇంటి పాట ఆ ఇంటిదే. ఇంటివాళ్ళు అడగనిదే బయటివాళ్ళు పాడరు. ఆ పాట చివరిసారి వినిపించింది ఉలులానిని సమాధి చేసిన రోజు. ఆ రాత్రే హనాలే బేస్ మీద దుప్పటి కప్పాడు.

కేహౌ దగ్గర ఒక పాత క్యాసెట్ మిగిలింది. అందులో అమ్మ గొంతు, యుకలేలే శుభ్రంగా వినిపిస్తాయి. వెనక్కి తిప్పుతూ, వింటూ, మళ్ళీ తిప్పుతూ ఏడాదిలో యుకలేలే పట్టేసింది. చిక్కంతా బేస్‌తోనే. వంటింటి అల్మారాలో పెట్టి రికార్డు చేసిన ఆ పాత టేప్ రికార్డరు, లోతు స్వరాలన్నిటినీ మింగేసింది. గోడ అవతల ఎవరో నడుస్తున్నట్టు దబ్ దబ్ మని మాత్రం వినిపిస్తుంది. ఆ అడుగుల వెంట తడుముకుంటూ పాటంతా కుదుర్చుకుంది, మూడో పాదం చివర తప్ప. అక్కడ అయిదు స్వరాలు వేసి చూసింది. ఒక్కటీ ఇంట్లో మనిషిలా లేదు.

నాన్నను అడగవచ్చు. కానీ వాళ్ళింట్లో సంగీతం ఎవరూ ఎవరికీ నేర్పరు. చిన్నప్పుడు ఏదైనా అడిగితే హనాలే ఒకటే అనేవాడు: "చూడు, విను, నోరు ముయ్యి." ఆయనకు వాళ్ళ నాన్న చెప్పిందీ అదే. అడగడమంటే సరిగ్గా వినలేదని ఒప్పుకోవడం. పైగా, అడిగాక ఆయన లేచి వెళ్ళిపోతే, ఆ మిగిలిన వాన కబుర్లు కూడా ఉండవేమోనని ఆమె భయం.

అందుకే ఆమె తన యుకలేలేని ఫోన్లో రికార్డు చేసుకుంది. దాన్ని స్పీకర్లో పెట్టుకుని, పక్కన తను బేస్ వాయిస్తుంది. మధ్యాహ్నంలోగా ఆ స్వరం దొరకాలి, దుప్పటి మళ్ళీ ఉన్నట్టే కప్పెయ్యాలి.

పక్కింట్లో వైలానా ఆంటీ కోడి ముక్కలు కోస్తోంది. బేస్ మోతకు కిటికీ అద్దాలు అదిరాయి. కత్తి పక్కన పెట్టింది. యుకలేలే, బేస్ రెండూ ఒకేసారి వినిపిస్తున్నాయంటే వాయించేది ఇద్దరు. ఒకరు ఆ పిల్ల. రెండోవాళ్ళు ఇంకెవరు? చెల్లెలికి ఫోన్ చేసింది.

"హనాలే మళ్ళీ పట్టుకున్నాడే!"

"వాకిట్లో ట్రక్కు లేదు కదక్కా?"

"రిపేరుకి ఇచ్చుంటాడు. బేస్ వాయించడానికి ట్రక్కెందుకు? కూర తీసుకుని వచ్చెయ్!"

ఆ వీధిలో, పాట సాగుతుంటే లోపలికి వెళ్ళి పలకరించడం మర్యాద కాదు. తలా ఒక గిన్నె పట్టుకెళ్ళి కారు షెడ్డులో కూర్చుని వినాలి. అరగంటలో ఎనిమిది మంది, నాలుగు గిన్నెలు, రెండు మడత బల్లలు చేరాయి. వైలానా ఆంటీ ముందు కూర్చుని సంతోషం పట్టలేక కళ్ళు ఒత్తుకుంటోంది.

ఇదంతా ఎదురింటి ఎలీయా అంకుల్ తన గుమ్మంలోంచి చూశాడు. ఆయన చర్చి పెద్ద. పొద్దున సముద్రం వైపు పోయిన ట్రక్కు తిరిగి రాలేదు. వినిపిస్తున్నది సమాధి నాటి పాట. వైలానా ఏడుస్తోంది. గిన్నెల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. హనాలే గాలం వేసే ఆ నల్లరాళ్ళ మీద అల ఎప్పుడెలా లేస్తుందో ఆయనకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో ఎవరూ ప్రశ్నలు వెయ్యరు; చెయ్యవలసింది చేస్తారు. ఎలీయా నల్ల చొక్కా తొడుక్కుని, పక్క ఊరి చర్చి గాయకులకు కూడా కబురు పెట్టి, పూలదండలతో వచ్చాడు.

"ఎంత పనైంది వైలానా," అన్నాడు మెల్లగా.

"నాలుగేళ్ళుగా ఎదురుచూశాను ఎలీయా. ఇవాళ్టికి జరిగింది."

"నువ్వు... ఎదురుచూశావా?"

"నేనేమిటి, వీధంతా ఎదురుచూసింది! ఉలులాని కూడా పైనుంచి చూసి మురిసిపోతూ ఉంటుంది."

"అది నిజమేలే," అన్నాడాయన, దండను చేతులు మార్చుకుంటూ. "ఇద్దరూ ఒకచోట చేరారు."

"దండ తెచ్చావు, బాగుంది. మరీ నల్ల చొక్కా ఏమిటయ్యా ఇలాంటి రోజున?"

ఇంతలో గాయకులు వ్యాన్ దిగారు.

పదకొండింటికి హనాలే వచ్చేసరికి వీధిలో ట్రక్కు పెట్టుకోవడానికి చోటు లేదు. రెండు వీధుల అవతల ఆపి, చేపల పెట్టె మోసుకుంటూ వచ్చాడు. షెడ్డు నిండా కుర్చీలు, నల్ల బట్టలు, పూలదండలు. లోపల బేస్ మోగుతోంది, అంటే కూతురు క్షేమమే. ఆ ధైర్యంతో, పాట మధ్యలో లోపలికి వెళ్ళకూడదని వెనక వరుసలో కూర్చున్నాడు. పక్కనున్న గాయకురాలు, ముఖం ఎరుగని మనిషి, ఒక పళ్ళెం అందించింది.

"ఎవరు పోయారమ్మా?" అడిగాడు గుసగుసగా.

"ఈ ఇంటాయనేనట. సముద్రం తీసుకుపోయింది."

హనాలే ఒక ముద్ద నమిలాడు. "మంచివాడేనా?"

"అందరూ అలాగే అంటున్నారు. పోయినవాళ్ళ గురించి ఇంకేమంటారులెండి! మొండిమనిషట. భార్య పోయాక కూతురితో వాన కబుర్లే తప్ప మాట్లాడింది లేదట. పాపం, ఆ పిల్ల చూడండి, ఒక్కతే వాయించుకుంటోంది."

హనాలే పళ్ళెం కింద పెట్టాడు.

ప్రార్థన చెప్పడానికి ఎలీయా లేచి నిలబడ్డాడు. వెనక వరుస వైపు చూశాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అప్పుడే లోపల పాట మూడో పాదం చివరికి వచ్చింది, కేహౌ ఆరో స్వరం వేసింది.

"అక్కడ ఏమీ లేదు!" అని హనాలే గట్టిగా అన్నాడు.

బేస్ ఆగిపోయింది. ఆయన కుర్చీల మధ్య నుంచి లోపలికి నడిచి, వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. కేహౌ దుప్పటి కోసం చూసింది. అది అందేంత దూరంలో లేదు.

"ఏం స్వరం నాన్నా అక్కడ?" అని మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"చెప్పాగా, ఏమీ లేదు. అక్కడ మీ అమ్మ ఊపిరి తీసుకునేది. నేను వాయించడం ఆపి వినేవాణ్ణి."

మంచం మీది యుకలేలే తీసి ఒక తీగ సరిచేశాడు. కానివ్వమన్నట్టు తల ఊపాడు. కేహౌ బేస్ అందుకుంది. షెడ్డులో గిన్నెల చప్పుడు ఆగింది. మొదటి పాదం, రెండోది, మూడోది. చివరికి వచ్చాక ఇద్దరూ కలిసి ఆగారు. రేకుల మీద చినుకులు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ ఖాళీలో ఊపిరి తీసుకోవలసిన మనిషి తీసుకోలేదు.

హనాలే మళ్ళీ మొదలుపెట్టలేకపోయాడు. యుకలేలేని కూతురి పక్కన పెట్టి, ఆమె తల మీద ఒకసారి చెయ్యి ఉంచాడు. వెనక ఆమె నాలుగో పాదం ఒక్కతే అందుకుంటుండగా, కుర్చీల మధ్య నుంచి, ఎవరితోనూ మాట్లాడకుండా, వానలోకి వెళ్ళిపోయాడు.

పోయినాయనకి బాగా దగ్గరి బంధువై ఉంటాడని వెనక వరుసలో ఆ గాయకురాలు పక్కావిడతో అంది.