బై... నారీ! అను ఉబ్బిన రిపో కేసు

"నేరస్థుడు నేరం ఆలోచించకముందే నేను వాణ్ణి పట్టేస్తానురా!" అని ప్రకటించాడు మా డేగ. నెత్తిమీదున్న కళ్ళజోడు కోసం సొరుగులన్నీ వెతుకుతూ ఆ మాటన్నాడు. టెస్టింగ్ విభాగంలో వాడిది నా పక్క సీటు. డేగ అన్న బిరుదు వాడికి వాడే ఇచ్చుకున్నాడు.

కేసు ఇది. మేం రాసే కోడంతా, పాత మార్పులతో సహా, దాచుకునే చోటు రిపో. అది ఉబ్బి ఉబ్బి ఏనుగైంది. కంప్యూటర్లోకి దింపుకోవాలంటే మూడు గంటలు. తప్పంతా దాన్ని చూసుకునే బిల్డ్ అక్కదేనని మేనేజర్ గారు తేల్చేశారు. ఆవిడ లాగిన్ ఆపేసి, సాయంత్రానికల్లా ప్రాజెక్టు నుంచి తీసేస్తానని మెయిల్ పెట్టారు. పదేళ్ళ చాకిరీకి రెండు లైన్ల మెయిల్.

డేగ రిపోలోంచి ఒక ఫైలు తెరిచాడు. తెరనిండా పిచ్చి గీతలు.

"గూఢలిపి! గూఢచారుల పని!"

"మన కోడ్‌ని మెషిన్ కోసం కంపైల్ చేస్తే వచ్చే భారీ ఫైలురా అది, రిపోలో పెట్టకూడదు. బైనరీ."

"బై... నారీ!" వాడు బల్ల గుద్దాడు. "అంటే ఓ నారి వీడ్కోలు చెబుతోంది! ఈ గదిలో నారి ఎవరు?"

"నేనే," అంది వెనక సీట్లోంచి బిల్డ్ అక్క. "వీడ్కోలు కూడా నాకే. ఇంకేమైనా కనిపెట్టాలా తమ్ముడూ?"

"రిపో హిస్టరీ తియ్యరా, ఏ ఫైలు ఎవరు పెట్టారో తెలుస్తుంది," అన్నాను. నా కంప్యూటర్లో రిపో ఇంకా దిగుతూనే ఉంది మరి.

"హిస్టరీలో నాకు ముప్పై అయిదు మార్కులు. అక్కర్లేదు!" అంటూ పాదముద్రల కోసం బల్ల కిందికి దూరాడు.

అప్పుడే మేనేజర్ గారు తలుపు తోసుకొచ్చారు. ఉలిక్కిపడి లేచిన డేగ తల బల్లకు ఠంగుమంది. తూలి కీబోర్డు మీద మోచెయ్యి ఆనించాడు. అది ఏ మీటలు నొక్కిందో గానీ, తెరమీద హిస్టరీ తెరుచుకుంది. రోజుకో బైనరీ, మొత్తం తొమ్మిది వందలు. ప్రతిదాని పక్కనా ఒకటే పేరు. మేనేజర్ గారిది.

"ఎందుకైనా మంచిదని... రోజూ పాతది తీసేసే కదా కొత్తది పెట్టాను!" అని నసిగారాయన.

"మీరు తీసేసినా రిపో మర్చిపోదు సార్," అంది అక్క. "వంట ఎలా చెయ్యాలో రాసిన కాగితాలు దాచుకునే బీరువాలో మూడేళ్ళుగా వండిన కూర పెడుతున్నారు. లాగిన్ ఇస్తే కడుగుతాను."

ఆయన అక్కడే నిలబడి లాగిన్ ఇప్పించారు. మెయిల్ వెనక్కి తీసుకుంటున్నానని అందరి ముందూ చెప్పారు.

డేగ తలమీద బొప్పి తడుముకుంటూ నావైపు గర్వంగా చూశాడు. "గమనించావా? నా మోచెయ్యి కూడా ఆలోచిస్తుంది!"

"అవునురా," అన్నాను. "నీలో ఆ పని చేసేది అదొక్కటే."