ఈల ఆగితే ట్యాంకు నిండినట్టు

శుక్రవారం పొద్దున్నకి మార్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఎల్డ్రెడ్, అతని తమ్ముడు వస్తారు. పాప ఐవీ పడుకుని ఉండగానే నేలమాళిగలోంచి పాత ఆయిలు ట్యాంకు తీసి పట్టుకుపోతారు. పాప లేచేసరికి ఇంట్లో ఆయిలు వాసనా ఉండదు, తన గుండెల మీద బరువూ ఉండదు.

ఇంటిని వెచ్చబెట్టే ఆయిలు పోసే ఆ ట్యాంకు వయసు మార్లా వయసు కంటే ఎక్కువ. అడుగంతా తుప్పు. చిల్లు పడి కింద మట్టిలోకి ఆయిలు ఇంకిందంటే ఇల్లు వదిలి పోవాల్సిందే. అఖాతానికి అవతల ఒక కుటుంబం అలాగే పోయింది, ఇంకా తిరిగి రాలేదు. ఎనిమిది నెలల పిల్లని పెట్టుకుని తను ఎక్కడికి పోతుంది? భర్త డెరిల్ రొయ్యల పడవ మీద ఉన్నాడు, పది రోజులకి గాని ఒడ్డుకి రాడు. గోడకి కరెంటు హీటరు బిగించి రెండు వారాలైంది. ట్యాంకు తీయడానికి మనసొప్పనిదల్లా మామగారు హెడ్లీకే.

ఆ ట్యాంకుని ఆయన పెళ్ళైన ఏడాది తన చేతుల మీద కిందికి దింపించాడు. ఏటా రంగు వేసేవాడు. రోజూ టీ తాగగానే కిందికి వెళ్ళి, వేలి కణుపుతో మూడుసార్లు తట్టి, చప్పుడుని బట్టి ఆయిలు ఎంతుందో చెప్పేవాడు. దాని నెత్తి మీద ఒక ఈల ఉండేది. ఆయిలు పోస్తుంటే లోపలి గాలి బయటికి పోతూ ఈల మోగుతుంది, నిండగానే ఆగిపోతుంది. లారీ డ్రైవర్లకి అదే కొండగుర్తు. ఈల వినపడుతున్నంతసేపూ పొయ్యాలి, ఆగితే ఆపాలి. ఐవీని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు కింద ట్యాంకు నింపుతున్నారు. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల ఆ ఈల విని నిద్రపోయింది. అప్పట్నుంచి హెడ్లీ కట్టుడు పళ్ళ వెనక నాలుక నొక్కిపట్టి అచ్చం అదే ఈల వేస్తాడు. పిల్ల ఇంక ఏ జోలపాటకీ లొంగదు.

ఇక రావద్దని చెప్పడానికి మార్లా మంగళవారమే ఆయిలు కంపెనీకి ఫోన్ చేసింది. కాని భయపడుతూ మొదలుపెట్టిన మాట ఆమెకి ఎప్పుడూ చివరిదాకా వెళ్ళదు.

"శుక్రవారం మా ట్యాంకు ఖాళీ అయిపోతుందండీ. ఇంట్లో పసిపిల్ల ఉంది. నాకు ఒకటే భయంగా ఉంది, దయచేసి మర్చిపోకండి."

అవతలి ఆవిడ ముగ్గురు పిల్లల తల్లి. "నువ్వు బెంగపెట్టుకోకు తల్లీ, నేను చూసుకుంటాగా" అని ఫోన్ పెట్టేసి, శుక్రవారం మధ్యాహ్నం లోడులో మొదటి పేరుగా మార్లా పేరు రాసి కింద రెండు గీతలు గీసింది.

శుక్రవారం ఎల్డ్రెడ్ అన్నదమ్ములు అన్న వేళకే వచ్చారు. మిగిలిన ఆయిలు తోడేశారు. ట్యాంకుని రెండు ముక్కలు కోసి మోసుకెళ్తుంటే హెడ్లీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రంపం మోతకి ఐవీ లేచి ఏడుపు అందుకుంది.

గోడలోంచి బయటికి పోయే గొట్టాలు రెండు మిగిలాయి. ఒకటి ఆయిలు పోసేది, ఒకటి గాలి పోయేది. తుప్పుకి బిగుసుకుపోయి రెండూ కదల్లేదు. పెద్ద పైపు రెంచి తేవాలి, ఎలాగూ భోజనాల వేళ కూడా అయింది, గంటలో వస్తామన్నాడు ఎల్డ్రెడ్. మార్లా ముఖం చూసి జాలిపడి, బయట ఆయిలు గొట్టానికి ఎర్రగుడ్డ కట్టాడు. ఇక దాని జోలికి ఎవరూ రారన్నాడు. మంచు పడే ఊళ్ళో గొట్టానికి ఎర్రగుడ్డ కట్టేదే ఆయిలు డ్రైవరుకి కనపడాలని. ఆ సంగతి పుట్టినప్పట్నుంచి తెలిసినా, అన్నదమ్ములకి గాని మార్లాకి గాని ఆ క్షణాన తట్టలేదు.

మార్లా మనసు ఇంకా ఊరుకోలేదు. పాప స్నానాల తొట్టి తెచ్చి లోపల ఆయిలు గొట్టం కింద పెట్టింది.

"ట్యాంకే లేదు కదమ్మా, ఇంకేం కారుతుంది?" అన్నాడు ఎల్డ్రెడ్ నవ్వుతూ.

"కారకపోతే మంచిదే కదా" అంది మార్లా.

వాళ్ళు వెళ్ళాక అరగంటైనా పిల్ల ఏడుపు ఆపలేదు. చివరికి మార్లా ఈల వెయ్యమని మేడ మెట్ల మీంచి మామగారిని బతిమాలింది.

"నువ్వేగా ట్యాంకుని పంపించేశావు. ఆ గోడ హీటర్నే పాడమను" అన్నాడు హెడ్లీ.

అన్నాడే గాని, మనవరాలి ఏడుపు ఆయనెంతసేపు వినగలడు? నేలమాళిగలోకి దిగాడు. ట్యాంకు ఉన్న చోట నిలబడి, గాలి గొట్టానికి నోరు ఆనించి, కళ్ళు మూసుకుని ఈల అందుకున్నాడు. గొట్టంలో పడి అది అచ్చం పాత ట్యాంకు గొంతే అయింది. నేలలో ఉన్న ఇనప జాలీలోంచి ఈల మేడ మీదికి చేరింది. ఐవీ కళ్ళు వాలసాగాయి.

సరిగ్గా అప్పుడే ఆయిలు కంపెనీ డ్రైవర్ సెల్బీ బయట లారీ ఆపాడు. ఎర్రగుడ్డ చూసి ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాడు. రబ్బరు పైపు బిగించి మీట తిప్పాడు. గాలి గొట్టంలోంచి ఈల చక్కగా వినిపిస్తోంది.

కిటికీలోంచి మార్లాకి ముందు ఎర్రగుడ్డ కనపడింది, తర్వాత రబ్బరు పైపు. పిల్లని ఉయ్యాల్లో వేసి మేజోళ్ళతోనే పరుగెత్తింది. తన ఇల్లు, పిల్ల ఇల్లు, రెండు అంతస్తుల కింద ఆయిల్లో మునిగిపోతోందనుకుంది.

కింద హెడ్లీకి పక్కన ఏదో దబదబా పడుతున్నట్టు అనిపించి కళ్ళు తెరిచాడు. దాంతోపాటు నోరూ తెరుచుకుంది. పై పళ్ళ సెట్టు జారి తొట్టిలో పడింది. పళ్ళు లేకపోతే ఈల లేదు. బయట సెల్బీ మీట కట్టేశాడు.

మార్లా మెట్లు దిగి వచ్చేసరికి తొట్టి అంచుకి రెండు వేళ్ళ కింద ఆగి ఉంది ఆయిలు. నేల మీద చుక్క లేదు. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది.

సెల్బీ ఆ ఊరి అలవాటు ప్రకారం తలుపు తట్టకుండా పెరటివైపు నుంచి వచ్చి, మెట్ల పైనుంచే బిల్లు చీటీ అందించాడు. "ట్యాంకు మార్చినట్టున్నారే హెడ్లీ బాబాయ్. మరీ చిన్నది పెట్టించారు, తొమ్మిది లీటర్లకే నిండింది."

హెడ్లీ బోసి నోటితో తొట్టి వైపు, కోడలి వైపు చూశాడు. ఇంతకాలం ట్యాంకుని వెనకేసుకొచ్చిన మనిషి, సెల్బీని లారీలోంచి రెంచి తెమ్మన్నాడు. ఎల్డ్రెడ్ భోజనం ముగించి వచ్చేసరికి ఇద్దరూ కలిసి రెండు గొట్టాలూ పీకి పెరట్లో పడేశారు.

"అమ్మాయ్, నీ భయం నా ట్యాంకు కంటే గట్టిది. అట్టే పెట్టుకో" అన్నాడు హెడ్లీ.

మార్లా ఏడుస్తూ నవ్వింది. పైన ఐవీ నిద్ర చెదరలేదు.

పళ్ళని వారం రోజులు సబ్బు నీళ్ళలో నానబెట్టారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయిలు వాసన, హెడ్లీ ఈల వేసినప్పుడు మాత్రమే వస్తుంది.