నురగ రెక్కలు

శుభవార్త వచ్చేసరికి ఆ అమ్మాయి చేతులు మోచేతుల దాకా గిన్నెల నురగలో ఉన్నాయి. అందుకని పాస్టరుగారి సందేశాన్ని, పెళ్లై నలభై రోజులైన మొగుడు పైకి చదివి వినిపించాల్సి వచ్చింది. సంఘం మాసపత్రికలో "పరీక్షించి చూద్దాం" అనే కొత్త శీర్షిక ఆమెకే ఇచ్చారు. జనం ఫోనుల్లో తిరిగే అద్భుతాల వీడియోలనూ దర్శనాల కబుర్లనూ బైబిలు వాక్యంతో సరిచూసి, నిజమెంతో తేల్చి రాయాలి. రేపు ఆదివారం ఆరాధనలో పది నిమిషాలు మాట్లాడి దాన్ని మొదలుపెట్టాలి.

"నాకేనా? నిజంగా నాకేనా? ఇంకోసారి చదవండి!"

"'రోజంతా ల్యాబులో రక్తం పరీక్షిస్తావు కదమ్మా, ఇవి కూడా కాస్త పరీక్షించు' అన్నారు. చివర నవ్వే బొమ్మ కూడా పెట్టారోయ్. పాస్టరుగారు బొమ్మ పెట్టడం నేనిదే చూడటం!"

ఆమె పట్టలేని సంతోషంతో గంతేసి చేతులు విదిలించింది. నురగ వెళ్లి వంటగది కిటికీ అద్దానికి కొట్టుకుని, అటూ ఇటూ మెల్లగా జారింది. వెనకనుంచి లేత ఎండ పడుతోంది. ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. అచ్చం రెండు రెక్కలు. మధ్యలో తల కూడా ఉంది, కాస్త సొట్టగా.

"కదలకండి! ఫోను తీయండి!" అందామె. "రేపు చూపించడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. దొంగ అద్భుతం తయారుచేయడం ఎంత తేలికో మనమే చేసి చూపిద్దాం. మాట మీది, రాత నాది."

అతను లిఫ్టు మెకానిక్కు. మనిషి సన్నమైనా గొంతు మాత్రం గంభీరం. "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి పక్కకు జరగండి" అని ఊళ్లో సగం లిఫ్టుల్లో వినిపించేది ఆ గొంతే. పని ముగిశాక సరదాకి రికార్డు చేస్తే కంపెనీవాళ్లు ముచ్చటపడి అట్టే పెట్టుకున్నారు. పెద్దాసుపత్రి లిఫ్టులో అయితే నాలుగేళ్లుగా రోగుల్ని అంతస్తులు ఎక్కించేదీ దించేదీ అదే.

నురగ జారిపోయేలోగా వీడియో పూర్తయింది. "ఈ ఉదయం ఒక విశ్వాసి కిటికీలో దేవదూత నిలిచాడు. డాక్టర్లు విస్తుపోయారు. దీన్ని పన్నెండుమందికి పంపండి. మూడు రోజుల్లో ఎంతటి జబ్బయినా మాయమవుతుంది."

"ఏ డాక్టర్లు?" అన్నాడతను మధ్యలో ఆగి.

"పేర్లు చెప్పకూడదండీ. చెబితే జనం వెళ్లి అడగరూ?"

తరువాత రెండో ముక్క తీశారు. అందులో ఇద్దరూ బుగ్గలు ఆనించుకుని, "ఇది గిన్నెల నురగ. మాట్లాడింది మా ఆయన. అబద్ధానికి ఆరు నిమిషాలు చాలు, జాగ్రత్త!" అని చెప్పి, చెప్పలేక నవ్వారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఆమెకు ల్యాబు అలవాటు ఒకటి ఉంది. నెలకోసారి పైవాళ్లు ఫలితం తమకు ముందే తెలిసిన సీసా ఒకటి మామూలు సీసాల్లో కలిపి పంపుతారు. అది పరీక్ష అని ముందే చెప్పరు, చెబితే పరీక్షే కాదు. అదే పద్ధతిలో ఆమె మొదటి ముక్కను మాత్రమే, ఒక్క మాట కూడా జోడించకుండా, ఇద్దరికి పంపింది. ఒకరు పక్క వీధిలో దర్జీ పని చేసే అత్తగారు. రెండోవారు ఆవిడ దగ్గరే ఉండే ఆవిడ తండ్రి, యాభై ఏళ్లుగా సంఘంలో పాటలు నడిపిస్తున్న తాతయ్య.

"అత్తయ్య రెండు నిమిషాల్లో పట్టేస్తారు. తాతయ్యకి ఐదు. అప్పుడు రెండోది పంపుతాను," అందామె చెప్పులు వేసుకుంటూ.

"తాతయ్యని ఎక్కువ కంగారు పెట్టకు. సోమవారం ఆపరేషనని అసలే బెంగగా ఉన్నాడు."

తాతయ్య కుడి కంట్లో పొర రెండేళ్ల కిందటే ముదిరింది. పాటల పుస్తకం కంఠస్థం కాబట్టి నెట్టుకొస్తున్నాడు. ఎడమ కన్ను కూడా మసకేస్తోంది, ఇక ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు గట్టిగా చెబితే, రెండేళ్లు తప్పించుకున్న మనిషి పోయిన వారమే మెత్తబడి ఒప్పుకున్నాడు.

ల్యాబులో ఫోనులు లోపలికి రానివ్వరు, బీరువాలో పెట్టాలి. ఆ శనివారం సీసాలు వరదలా వచ్చాయి. సాయంత్రం నాలుగింటికి ఆమె బీరువా తెరిచేసరికి ఫోను వణుకుతోంది. నూట నలభై ఒక్క సందేశాలు. అందులో ముప్పై చోట్ల తన వంటగది కిటికీయే. ఒకరు దానికి వేణువు జోడించారు. ఒకరు చుట్టూ బంగారు అంచు పెట్టారు. ఇంకొకరు ఇది సముద్రం మధ్య దీవిలో జరిగిందని రాశారు. అత్తగారి దగ్గరనుంచి మాత్రం ఒకే ఒక్క మాట: "చూశాను."

అన్నిటికంటే కింద పాస్టరుగారు. "అమ్మా, ఈ వీడియో మన సంఘమంతా పాకింది. ఎవరో మోసగాళ్ల పని. అద్భుతాలు చేసే దేవుణ్ని నమ్మేవాళ్లం కనకే ఆయన పేరు మీద అబద్ధం తిరిగితే ఊరుకోకూడదు. రేపు ముందు దీన్నే పరీక్షించు, మెత్తగా మాట్లాడకు. ప్రసంగం సిద్ధం చేసుకోవాలి, రేపటిదాకా ఫోను ఆపేస్తున్నాను."

"మోసగాళ్లట," అన్నాడు మొగుడు, ఇంటికొచ్చి అది చదివి. "బహువచనం. నన్ను కూడా కలిపారు."

"నవ్వకండి! నాకు ఏడుపొస్తోంది."

గబగబా రెండో ముక్కను దొరికినవాళ్లందరికీ పంపారు. అది ఎవరి దగ్గరికి వెళ్లిందో అక్కడే, ఎవరూ తెరవకుండా కూర్చుంది. వేణువు కాదు కదా, చిన్న అంచు కూడా ఎవరూ పెట్టలేదు. ఇంతకీ మొదటిది పాకించిందెవరని ఆరా తీస్తే తాతయ్యేనని తేలింది. పన్నెండుమందికి పంపమన్నారు, ఆయన పాటల బృందంలో లెక్కకు పన్నెండుమందే ఉన్నారు. ఇక ఆయనకు అనుమానమెందుకు వస్తుంది?

తాతయ్య ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఇద్దరూ ఆదరాబాదరాగా ప్రార్థనామందిరానికి పరుగెత్తారు. శనివారం సాయంత్రం పాటల సాధన. కిటికీలోంచి తొంగిచూస్తే, తాతయ్య అరచేత్తో తాళం వేస్తూ పాడుతున్నాడు. ఆపరేషన్ మాట వచ్చాక ఆ ముఖం ఇంత తేటగా కనిపించడం ఇదే మొదటిసారి. ఆమె కాలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రేపు చెబుదామండీ," అంది నెమ్మదిగా. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పిరికితనంలో కూడా జతగా ఉండటం వాళ్లకు ఇంకా కొత్తే.

మర్నాడు ఉదయం మందిరం కిటకిటలాడింది. ఆమె చేతిలో మాట్లాడాల్సింది రాసుకున్న కాగితం ఉంది. తన వంతు రాకముందే తాతయ్య లేచి నిలబడ్డాడు.

"ఒక సాక్ష్యం చెప్పాలి," అన్నాడు. "నాకు చూపు ఆనదు కదా, మీరంతా చూసిన రెక్కలు నేను చూడలేదు. గొంతు మాత్రం విన్నాను. ఎంత గంభీరమో! అది వింటుంటే మనిషి పైకి వెళ్తున్నట్టే ఉంది."

సగంమంది నిజమే నిజమే అన్నట్టు తలలూపారు. వాళ్లకీ అలాగే అనిపించింది మరి.

"మూడు రోజులన్నారు. నేను నమ్మాను. రేపు ఆపరేషన్‌కి రానని డాక్టరుగారికి నిన్ననే కబురు చెప్పేశాను."

నిజం చెబితే యాభై ఏళ్లు పాడిన పెద్దమనిషి అందరి ముందూ చిన్నబోతాడు. చెప్పకపోతే ఆయన కన్ను పోతుంది. ఎదుటి వరుసలో అత్తగారు కుట్టు సూదిలా నిటారుగా కూర్చుని తనవైపే చూస్తోంది. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టి ముందుకు నడిచింది.

"పాస్టరుగారు ఒక వీడియోని పరీక్షించమన్నారు," అంది. "ముందు అడగాల్సింది, ఎక్కడ జరిగిందని. మా వంటగదిలో. చూసిందెవరని. నేను, మా ఆయన. రెక్కలు గిన్నెల నురగ. పాస్టరుగారు చెప్పిన మోసగాళ్లం మేమే. ఊరికే చూపించడానికి చేశాం, పరీక్ష అనుకుని చెప్పకుండా పంపాను. నిన్న సాయంత్రమే వచ్చి చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు. తాతయ్యా, దేవుడు బాగుచేస్తాడు, అందులో సందేహం లేదు. కానీ ఇది ఆయన చెప్పిన మాట కాదు. నేను రాసిన మాట. దయచేసి ఆపరేషన్ మానుకోకండి."

ఎవరూ నమ్మలేదు. "ఆ గొంతు మనిషిది కాదమ్మా!" అని ఎవరో అన్నారు కూడా. అప్పుడు మొగుడు లేచాడు. చొక్కా సర్దుకున్నాడు.

"తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి పక్కకు జరగండి."

వెనక వరుసలో ఒకాయన అలవాటుకొద్దీ కాళ్లు లోపలికి లాక్కున్నాడు. తరువాత మందిరం మొత్తం నవ్వుతో దద్దరిల్లింది. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ఆసుపత్రి లిఫ్టు బాగా పరిచయం. నవ్వనిది తాతయ్య ఒక్కడే. గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు.

వసారాలో బల్ల మీద కూర్చున్న ఆయన పక్కన ఆమె నేలమీద చతికిలబడింది. "తాతయ్యా, నన్ను తిట్టండి. ఎంతైనా తిట్టండి."

"నిన్నెందుకు తిట్టడం, తల్లీ?" అన్నాడాయన. "ఆ గొంతు ఎక్కడో విన్నానని నాకూ తోచింది. గట్టిగా ఆలోచిస్తే తెలిసిపోతుందని ఆలోచించలేదు. నాకు ఆ కత్తంటే భయం. వెళ్లక్కర్లేదని ఎవరైనా చెబితే బాగుండని రెండేళ్లనుంచి చూస్తున్నా. మీ నురగ చెప్పింది."

ఆమె ఆయన మోకాలి మీద తల ఆనించింది. "ఇంకో తేదీ దొరుకుతుందా తాతయ్యా? మూడు నెలలు పడుతుందేమో..."

"ఏ తేదీ అక్కర్లేదు," అంది వెనకనుంచి అత్తగారు. చేతిలో ఫోను ఉంది. నొక్కింది. అందులోంచి తాతయ్య గొంతు వినయంగా పలికింది: "డాక్టరుగారూ, నమస్కారం. సోమవారం నేను రావడం లేదండి. నాకు వేరే ఏర్పాటు జరిగింది."

తాతయ్య ఉలిక్కిపడ్డాడు. "ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"డాక్టరుకనుకుని నాకు పంపావు నాన్నా. పొద్దున ఇక్కడికి వస్తూ విన్నాను. ఎవరి పేరు నొక్కుతున్నావో కనబడట్లేదు నీకు. ఆపరేషన్ కావాలనడానికి ఇంకేం రుజువు కావాలి? ఆసుపత్రిలో నీ మంచం నీకోసం అలాగే ఉంది."

అప్పటికే వసారాలోకి వచ్చిన మొగుడు పకపకా నవ్వాడు. అత్తగారు కోడలివైపు తిరిగింది.

"నిన్న తొమ్మిదింటికే పట్టేశాను. ఆ కిటికీకి ఉన్న కర్టెన్ నేను కుట్టిందే. తిరగేసి తగిలించావని నలభై రోజులుగా చెబుదామనుకుంటున్నా."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు నన్ను పరీక్షించావు. నిన్ను నేను పరీక్షించకూడదా? తప్పు చేశాక లేచి నిలబడతావో లేదో చూద్దామనుకున్నా. నాన్న ఊరంతా పాకిస్తాడని మాత్రం అనుకోలేదు. అది నా తప్పు." కోడలి కొంగు అంచు సరిచేస్తూ అంది, "లేచావమ్మా. అది చాలు నాకు."

అత్తగారు తనను "అమ్మా" అనడం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చారు.

"శీర్షిక వేరేవాళ్లకి ఇచ్చేయండి పాస్టరుగారూ," అందామె లేచి నిలబడి.

"ఎందుకమ్మా? మొదటి వ్యాసం దొరికిందిగా! ఉన్నదున్నట్టు రాయి. నీ తప్పుతో మొదలుపెడితే ఇక ఎవరి వీడియోనైనా ధైర్యంగా పరీక్షించొచ్చు. అయితే నురగ బొమ్మ వేయొద్దు, మళ్లీ పాకుతుంది."

అత్తగారు ఫోను సంచిలో పెట్టుకుంది. "రేపు పొద్దున ఆరున్నరకి మనం నలుగురం బయలుదేరుతున్నాం నాన్నా. మీరూ వచ్చి ప్రార్థన చేయండి పాస్టరుగారూ. పెద్దాసుపత్రి, నాలుగో అంతస్తు."

"నేను నీ చెయ్యి వదలను తాతయ్యా," అన్నాడు మనవడు. "లిఫ్టు దాకా, లిఫ్టులో, మంచం దాకా."

తాతయ్య చేతికర్ర వెతుక్కుని లేచాడు. భయం ఇంకా పోలేదు, కానీ ఇప్పుడు దాన్ని మోయడానికి నలుగురున్నారు.

"వస్తాను గానీ మెట్లెక్కి వస్తాను," అన్నాడు. "ఆ లిఫ్టు చెప్పే మాట ఇక నేను నమ్మను."