మంచె మీది గొంతు

ప్రేమానందం పక్షిని కొట్టాడట. అదీ అలాంటిలాంటి పక్షి కాదట. తోక మూరెడుందట, మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉందట, పెద్దాఫీసరు కోవాల్‌స్కీ స్వయంగా వచ్చి భుజం తట్టాడట. ఈ సంగతి ప్రేమానందం భార్య విమలకుమారి ఇండియన్ కొట్లో కందిపప్పు సంచుల దగ్గర నిలబడి వసుమతికి చెప్పింది. వసుమతి బట్టలుతికే గదిలో పక్కింటి రాధారాణికి చెప్పింది. రాధారాణి ఆదివారం పొద్దున పెసరట్టు వడ్డిస్తూ మొగుడికి చెప్పింది. ఇన్ని నోళ్లు దాటి వచ్చేసరికి మూరెడు తోక కాస్తా బారెడయింది.

ఆ పొద్దున దామోదర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిను తినడం, కారు మీది మంచు గీకడం, కూతురు విద్యని లైబ్రరీకి తీసుకెళ్లడం. పక్షి మాట వినగానే పెసరట్టు గొంతులో అడ్డం పడింది.

"ఏం పక్షటా?"

"ఫెజెంట్ అంటారట. మన అడవికోడి లాంటిదేనట. మొక్కజొన్న చేలల్లో దాక్కుంటుందట. కుక్కలు వాసన పట్టి చూపిస్తే వీళ్లు కాలుస్తారట."

"వీళ్లంటే?"

"కోవాల్‌స్కీ, ఆయన బావమరిది. ఇప్పుడు మన ప్రేమానందం గారు."

"వాడు మనవాడెప్పుడయ్యాడే!" అని దామోదర్ అరిచాడు. కింద అపార్ట్‌మెంటువాళ్లు చీపురుకర్రతో తమ సీలింగుని రెండుసార్లు పొడిచారు. అది వాళ్లకీ వీళ్లకీ మూడేళ్లుగా నడుస్తున్న సంభాషణ.

"గొంతు తగ్గించండి బాబూ," అంది రాధారాణి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ యుద్ధమంతా ఆ గొంతు మీదే.

దామోదర్ బాధలో అర్థం లేకపోలేదు. అది పంతొమ్మిదివందల ఎనభై రెండో సంవత్సరం, జనవరి. డిట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కన్నా లేఆఫ్ కాగితాలే ఎక్కువ తయారవుతున్న చలికాలం. ట్రాయ్‌లో బంపర్ల డ్రాయింగులు గీసే ఆ ఆఫీసులో సూపర్‌వైజరు హెన్రీ వచ్చే నెలాఖరున రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లేఆఫ్ భయం ఉండదు. వరసలో ఉన్నది ఇద్దరే. దామోదర్, ప్రేమానందం. ఇద్దరూ ఒకే రోజున చేరారు, ఇద్దరి బల్లలూ ఒకటే కొలత. కాకపోతే దామోదర్ కిటికీలోంచి కార్లు నిలిపే స్థలం కనిపిస్తుంది, ప్రేమానందం కిటికీలోంచి మేపుల్ చెట్టు కనిపిస్తుంది. మూడేళ్లుగా ఆ చెట్టుకి కొత్త ఆకు వచ్చినప్పుడల్లా దామోదర్‌కి కడుపులో మండేది.

సోమవారం పొద్దున్నే కాఫీ మెషీను దగ్గర కాపు కాశాడు. కోవాల్‌స్కీ రాగానే, "సార్, మా ఊళ్లో నాక్కూడా బర్డ్స్‌తో చాలా ఎక్స్‌పీరియన్స్ ఉంది," అన్నాడు.

"నిజంగానా డామ్? ఎన్నాళ్లు?"

"సెవెన్ సీజన్స్ సార్."

ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఎనిమిదో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా దామోదర్ జొన్నచేలో మంచె మీద కూర్చుని, ఒడిసెల తిప్పుతూ చిలకల్ని తోలేవాడు. ఏడు పంటకాలాల్లో అతని రాయి ఒక్క చిలక తోకకి కూడా తగల్లేదు. కానీ మంచె మీంచి అతను కేక పెడితే చుట్టుపక్కల మూడు చేలలోని పిట్టలు ఒక్కసారిగా లేచిపోయేవి. పక్క చేలవాళ్లు తమ పిల్లల్ని బడికి పంపుకున్నది ఆ కేక ధైర్యంతోనే. ఈ వివరాలు కోవాల్‌స్కీ అడగలేదు, దామోదర్ చెప్పలేదు.

"అయితే ఈ శనివారం రా," అన్నాడు కోవాల్‌స్కీ.

వేటకెళ్లేవాడు నారింజరంగు బట్ట వేసుకోవాలట. లేకపోతే తోటివాడే పక్షనుకుని కాలుస్తాడట. ప్రేమానందానికి మామూలు నారింజ చొక్కా ఉందని ఆఫీసులో తెలిసింది. అంతకన్నా ఘనంగా ఉండాలని దామోదర్ ఇల్లంతా వెతికి, రాధారాణి పెట్టె అడుగు నుంచి కనకాంబరం రంగు వాయిల్ చీర బయటికి లాగాడు.

"అది మా అక్క పెట్టిన చీరండీ!"

"సూపర్‌వైజర్ భార్యవయ్యాక పట్టుచీరలు కట్టుకుందువులే."

సగం చీర నడుముకి చుట్టుకున్నాడు, సగం మంకీ టోపీ మీద తలపాగా కట్టాడు. శనివారం తెల్లవారేసరికి కోవాల్‌స్కీ ట్రక్కు వచ్చి ఆగింది. అతన్ని చూడగానే, "వావ్! మహారాజా!" అన్నాడు కోవాల్‌స్కీ. వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్న ప్రేమానందాన్ని ఎవరూ ఏమీ అనలేదు. దామోదర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఒడిలో పులిహోర క్యారేజీ పెట్టుకుని రాజాలాగే కూర్చున్నాడు.

రెండు గంటలు ఉత్తరానికి పోయారు. కోవాల్‌స్కీ బావమరిది పొలం అది. చలికాలమంతా వేటాడుకోవడానికి పర్మిట్ ఉంది. పక్షుల కోసమని నాలుగెకరాల మొక్కజొన్న కోయకుండా వదిలేశారు. ట్రక్కు దిగగానే గాలి ముఖం మీద చెంపదెబ్బ కొట్టింది. ఊపిరి మీసాల మీదే గడ్డకట్టింది. మోకాలి లోతు మంచు, అందులో రెండు కుక్కలు. తెల్లమచ్చల ఆడకుక్క మ్యాగీ, గోధుమరంగు మగకుక్క డ్యూక్. అవి ఇటు దూకినప్పుడల్లా ప్రేమానందం అటు దూకుతున్నాడు.

దామోదర్ అతని పక్కకి చేరాడు. "ఏమండీ ప్రేమానందం గారూ, పోయినవారం పెద్ద పిట్టనే పడగొట్టారంట?"

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్తేనేం! బారెడు తోకంట!"

"అయ్యో, అసలేం జరిగిందంటే దామోదర్ గారూ..."

"ష్!" అన్నాడు కోవాల్‌స్కీ. "వేటలో మొదటి రూల్, నోరు మూసుకోవడం. మనిషి గొంతు వింటే ఈ పక్షులు ఎగరవు, మొక్కల మధ్య నుంచి నడుచుకుంటూ జారిపోతాయి. మ్యాగీ ఎక్కడైనా కాలెత్తి కదలకుండా నిలబడితే పక్షి అక్కడున్నట్టు. అప్పుడు పిల్లిలా వెళ్లాలి. నేనూ మా బావమరిదీ ఆ చివర కాలవగట్టు మీద అడుగుజాడలు చూసొస్తాం. అందాకా కదలొద్దు."

ఇద్దరికీ చెరో తుపాకీ ఇచ్చి వాళ్లు చేను చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. దామోదర్ వేసుకున్న ఉన్ని గ్లౌజుల్లోంచి ట్రిగ్గరు ఎక్కడుందో వేలికి తెలియడం లేదు. అయినా ప్రేమానందం పట్టుకున్న తీరుకన్నా తను పట్టుకున్న తీరే దర్జాగా ఉందనుకున్నాడు.

అంతలో మ్యాగీ కాలెత్తి నిలబడింది. తోక కర్రలా బిగుసుకుంది. దామోదర్ ఒంగి చేలోకి చూశాడు. ఎండిన మొక్కల మధ్య రాగిరంగు కోడి ఒకటి, తెల్లపట్టీ మెడ ఎత్తి, వాలిన కంకిని టకటకా పొడుస్తోంది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకో నాలుగు. చేనంతా టకటకలే.

ఆ తర్వాత జరిగింది దామోదర్ చేసింది కాదు, అతనిలోని ఏడు పంటకాలాలు చేశాయి. నిలబడ్డ చేను, కంకి మీద పిట్ట! ఇంకేం ఆలోచిస్తాడు? తుపాకీ మంచులో పడుకోబెట్టాడు. భుజానికి తగిలించుకున్న క్యారేజీ మూత ఊడబీకి, అందులోని గరిటెతో దాని మీద దబదబా బాదుతూ, ఆకాశం బద్దలయ్యేలా అరిచాడు.

"హోయ్! హోహోహోయ్! ఎవడబ్బ సొమ్మని తింటున్నారే! లెగండి! హో... ఓ... య్!"

చేను పేలిపోయింది. ఒకటా రెండా, ముప్పై నలభై పక్షులు రెక్కలు టపటపలాడిస్తూ, కీచుమని అరుస్తూ ఒక్కసారిగా లేచాయి. డ్యూక్ తోక కాళ్లమధ్య పెట్టుకుని పారిపోయి ట్రక్కు కింద దూరింది. మ్యాగీ ఎత్తిన కాలు దించడం మర్చిపోయింది. ప్రేమానందం "ప్రభువా!" అని మంచులో బోర్లా పడ్డాడు. పులిహోర మెతుకులు వాళ్ల మీద వడగళ్లలా రాలాయి.

మోత ఆగాక దామోదర్‌కి స్పృహ వచ్చింది. చేలో ఒక్క పక్షి లేదు. వాటితోపాటే సూపర్‌వైజరు కుర్చీ కూడా కాలవవైపు ఎగిరిపోయినట్టనిపించింది.

"చచ్చాను," అన్నాడు.

అప్పుడు కాలవగట్టు మీంచి ఢాం అని వినిపించింది. మళ్లీ ఢాం. మొత్తం నాలుగుసార్లు. కాసేపటికి కోవాల్‌స్కీ చేను చీల్చుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతుల్లో రెండు పుంజులు. ముఖం ఎర్రబడింది. తిట్టడానికేనని దామోదర్ కళ్లు మూసుకున్నాడు.

"డామ్! ముప్పై ఏళ్లుగా వేటాడుతున్నాను. మ్యాగీ నెలరోజులు తిరిగి లేపినన్ని పక్షుల్ని నువ్వు ఒక్క కేకతో లేపావు! అన్నీ నేరుగా మా నెత్తిమీదికే వచ్చాయి. చాలామంది అరుస్తారు గానీ పక్షులు నడిచిపోతాయి. నీ అరుపుకి ఎగిరాయి! సెవెన్ సీజన్స్ అంటే ఇదన్నమాట!"

జేబులోంచి ఎండుమాంసం ముక్కలు తీసి మ్యాగీకి ఒకటి, దామోదర్‌కి ఒకటి ఇచ్చాడు. తన ముక్కే పెద్దదని దామోదర్ గమనించాడు. మంచులోంచి లేస్తున్న ప్రేమానందానికి ముక్క దక్కలేదని కూడా గమనించాడు.

తర్వాతి మూడు శనివారాలూ కోవాల్‌స్కీ దామోదర్‌నే పిలిచాడు. ప్రేమానందానికి పిలుపు లేదు. "బరువు నీకెందుకు?" అని దామోదర్ చేతిలోంచి తుపాకీ తీసుకుని, కొత్త సత్తుపళ్లెం ఒకటి ఇచ్చాడు. దామోదర్ అది తన కోసమే కొన్న గౌరవమనుకున్నాడు. శుక్రవారం సాయంత్రాలు మిరియాలపాలు తాగి గొంతు సవరించుకునేవాడు. కింద వాళ్ల చీపురుకర్ర అరిగిపోయింది.

"ప్రేమానందం గారిని పిలవడం మానేశారా?" అని రాధారాణి అడిగింది.

"చేతకానివాణ్ణి ఎందుకు పిలుస్తాడు? చేతనైనవాణ్ణి పిలుస్తాడు గానీ! వాళ్లింట్లో ప్రార్థన కూడికలు పెడుతున్నారట, విన్నావా? కుర్చీ కోసమే అయ్యుంటుంది. ఎన్ని ప్రార్థనలు చేసినా లాభం లేదని విమలకుమారికి చెప్పు."

ఆఫీసులో ఇప్పుడు మేపుల్ చెట్టుని చూసినా కడుపు మండటం లేదు. ఆకులు రాలిపోయిన చెట్టు, దాన్ని చూసి అసూయపడేదేముంది?

నెలాఖరు శుక్రవారం కోవాల్‌స్కీ గదిలోకి పిలిచాడు. దామోదర్ టై సరిచేసుకుని వెళ్లాడు.

"హెన్రీ ఉద్యోగం ప్రేమ్‌కి ఇస్తున్నాను," అన్నాడు కోవాల్‌స్కీ.

దామోదర్ చెయ్యి మళ్లీ టై మీదికి పోయి, ఈసారి ముడి వదులు చేసింది.

"చూడు డామ్, పనిలో నువ్వే ఒక పిసరు మెరుగు. కానీ సూపర్‌వైజరు ప్రతి శనివారం ఫ్యాక్టరీలో ఉండాలి. ప్రేమ్‌ని అక్కడ కూర్చోబెడితే నాకేం నష్టం లేదు. నిన్ను కూర్చోబెడితే నా శనివారాలు ఏం కావాలి? దిగులుపడకు. నీకు లేఆఫ్ మాటే లేదు. నేనున్నంతకాలం, ఆ చేనున్నంతకాలం, నువ్వుంటావు."

ఆ సాయంత్రం ప్రేమానందం, విమలకుమారి పళ్లెం నిండా గులాబీపువ్వుల పిండివంట పట్టుకుని వచ్చారు. రాధారాణి కాఫీ కలిపింది. దామోదర్ సోఫాలో బొమ్మలా కూర్చున్నాడు.

ప్రేమానందం అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ రుణం తీర్చుకోలేను దామోదర్ గారూ. నాకు కుక్కలంటే చిన్నప్పట్నుంచీ హడల్. పోయిన నెల ఆయన రమ్మంటే ఆఫీసరు కదా, కాదనలేకపోయా. నేను పేల్చిన గుండు ఆయన కాఫీ ఫ్లాస్కుకి తగిలింది. జాలిపడి తను కొట్టిన పక్షినే నా చేతిలో పెట్టాడు. మళ్లీ పిలుస్తాడేమోనని ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టించాం. 'ప్రభువా, ఈ వేట నుంచి తప్పించు, ఇంకెవరినైనా పంపించు' అని."

"మిమ్మల్ని పంపించాడు," అంది విమలకుమారి కళ్లు తుడుచుకుంటూ.

"మరి బారెడు తోక?" అన్నాడు దామోదర్ నీరసంగా.

"నేను పక్షి అనే చెప్పానండీ. తోక వసుమతి పెట్టి ఉంటుంది."

ఫోన్ మోగింది. విద్య పరిగెత్తుకెళ్లి ఎత్తింది. "డాడీ, మీ బాస్!"

దామోదర్ అటు చెప్పేదంతా విన్నాడు. "యెస్ సార్, యెస్ సార్," అని రిసీవరు పెట్టేశాడు. అందరూ అతని వంకే చూస్తున్నారు.

"మ్యాగీ కాలికి ఐసుముక్క గీరుకుందట. రేపు నడవలేదట. డ్యూక్ ఆ రోజు నుంచి ట్రక్కు దిగనంటోందట. నన్ను ఒక గంట ముందే రెడీగా ఉండమన్నాడు." అతని గొంతు మెల్లగా పైకి లేచింది. "కుర్చీ ఇవ్వడానికి నేను పనికిరాలేదు. ఆఫీసులో నూటయాభైమంది ఉన్నారు. ఇంతమందినీ వదిలేసి ఈ ముదనష్టపు చలిలో నాకే ఎందుకు ఫోన్ చేస్తాడే?"

కింద నుంచి చీపురుకర్ర రెండుసార్లు పొడిచింది. రాధారాణి కాఫీ గ్లాసు అతని ముందు పెట్టింది.

"ఇంకో కుక్క లేక."