నాలుగో కోచ్, రెండో పొట్టేలు

మంగళవారం పొద్దున వెర్నన్ టాగర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి కాలేజీ విమానమెక్కి కాన్సస్ వెళ్లాలి, ఒక పొట్టేలుని ఎక్కించుకోవాలి, చీకటి పడేలోగా మిసిసిపీలోని మార్‌బెల్‌కి తిరిగొచ్చెయ్యాలి. విమానం నాలుగు సీట్లది. ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేసినవాడు కనుక తనే నడుపుకుంటాడు. వెనక సీట్లు రెండూ ఊడదీసి, గోనెపట్టాలు పరిచి, వాటి మీద ఎండుగడ్డి వేశాడు.

పొట్టేలు దేనికంటే, మార్‌బెల్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పేరే 'పొట్టేళ్లు'. ప్రతి ఆటకీ ముందు డీకన్ అనే నిజం పొట్టేలుని మైదానమంతా తిప్పుతారు. పదకొండేళ్లుగా అలా తిరిగిన డీకన్, జట్టు వరుసగా ఐదో ఆట ఓడిన మర్నాడు, ఆదివారం, కొట్టంలో పడుకున్నది పడుకున్నట్టే ప్రాణం విడిచింది. వచ్చే శనివారం క్లెమెంట్స్ కాలేజీతో ఆట. క్లెమెంట్స్‌కీ మార్‌బెల్‌కీ నూరేళ్ల పగ. సరిగ్గా ఆ వారంలో పొట్టేలు పోయిందని బయటపడితే, ఊరంతా దాన్ని అపశకునం కింద జమకట్టి, కోచ్ రాయ్స్ కిట్రెల్‌ని శనివారం దాకా కూడా ఉండనివ్వదు.

కిట్రెల్‌ని ఉంచాలన్నదే వెర్నన్ పంతం. కాలేజీ క్రీడల డైరెక్టరుగా తొమ్మిదేళ్లలో అతను ముగ్గురు కోచ్‌లని తీసేశాడు. మొదటివాడు ఏడాదికి ఎనిమిది ఆటలు గెలిచేవాడు. ఎనిమిది చాలవని పంపేశారు. అతని బదులు వచ్చినవాడు ఆరు గెలిచాడు. వాడి బదులు వచ్చినవాడు నాలుగు. ఇలా మెట్లు దిగుతూ రావడం తలుచుకుంటే ఈ మధ్య వెర్నన్‌కి ఒళ్లు జలదరిస్తోంది. ఇంకొకణ్ణి తీసేసి, కింద ఇంకా ఎంత లోతుందో చూసే ధైర్యం అతనికి లేదు. పైగా కిట్రెల్ మంచివాడు. ఓడిన రోజున కూడా కుర్రాళ్ల మీద నోరు పారేసుకోడు. తన ఉద్యోగం ఊడినా సరే, ఈ నాలుగోవాణ్ణి మాత్రం తీసెయ్యకూడదని వెర్నన్ ఒట్టు పెట్టుకున్నాడు.

పొట్టేలు చచ్చిన సంగతి తెలిసిన రెండో మనిషి మిస్ ఒడెస్సా. డెబ్బై ఏళ్లావిడ, ఆ ఆఫీసులో ఆరుగురు డైరెక్టర్ల దగ్గర పనిచేసింది. కాన్సస్‌లోని ఓస్లర్ అనే ఊళ్లో గొర్రెలు పెంచుతున్నది ఆవిడ పెదనాన్న కొడుకే.

"మూడో మనిషికి తెలియకూడదండీ," అన్నాడు వెర్నన్ బయల్దేరబోతూ.

"బైబిలు మీద చెయ్యేసి చెప్తున్నా, నా నోట్లోంచి రాదు బాబూ. అచ్చు డీకన్ లాగే ఉంటుందిట. నుదుటి మీద గోధుమరంగు మచ్చ ఒక్కటే తక్కువ. దాని సంగతి నాకొదిలెయ్యి, ఇంట్లో బూట్ పాలిష్ ఉంది."

వెర్నన్ అన్నీ ఆలోచించాడు, ఒక్కటి తప్ప. నవంబరు నెలలో, అందులోనూ జట్టు ఓడిపోతున్న నవంబరులో, మిసిసిపీ జనం పొద్దున్నే లేచి ముందు చూసేది తమ కాలేజీ విమానం ఎక్కడుందో. ఏ విమానం ఎటు పోతోందో ఫోన్లలో కనిపిస్తుంది. డైరెక్టరు చెప్పాపెట్టకుండా ఎగిరాడంటే కొత్త కోచ్‌ని చూడ్డానికే. చక్రాలు నేల వదిలిన నాలుగో నిమిషంలో ఒక రిటైరైన పళ్ల డాక్టరు ఆ సంగతి కనిపెట్టాడు. ఏడున్నరకల్లా ఊళ్లో ప్రతి టిఫిన్ బల్ల దగ్గరా గుడ్లు చల్లారిపోతున్నాయి, ఓస్లర్‌లో ఎవరున్నారన్న చర్చ వేడెక్కుతోంది. ఓస్లర్‌లో ఒక చిన్న కాలేజీ ఉంది. దానికో కోచ్ ఉన్నాడు. పేరు బర్ల్ హాచెట్.

వెర్నన్ ఓస్లర్‌లో దిగేసరికి ఫోన్ మోగుతోంది.

"బాబూ, బర్ల్ హాచెట్ అంటే ఎవరు?" అంది మిస్ ఒడెస్సా.

"నాకేం తెలుసు?"

"మన కొత్త కోచ్‌ట! నువ్వు తీసుకురావడానికి వెళ్లావుట. వాళ్ల అమ్మమ్మది ఏ ఊరో కూడా రేడియోలో చెప్పేశారు."

"నేను దిగి ఐదు నిమిషాలు కాలేదే!"

"అదీ చెప్పారు. గాలి వాలు కలిసొచ్చి తొమ్మిది నిమిషాలు ముందే దిగాడన్నారు."

వెర్నన్ గడియారం చూసుకున్నాడు. నిజమే, తొమ్మిది నిమిషాలు ముందే దిగాడు. కోపం రావలసిన చోట అతనికి ఒక రకమైన భక్తి కలిగింది. ఎనిమిది వేల జనాభా ఉన్న ఊరు, ఎనిమిది వందల మైళ్ల అవతల ఉన్న తనని కిటికీలోంచి చూసినట్టు చూస్తోంది. ఇంత శ్రద్ధ ఇంకే పని మీద పెట్టినా ఆ ఊరు ఈపాటికి చంద్రుడి మీద ఇళ్లు కట్టుకునేది.

ఇంతలో ఓస్లర్ విమానాశ్రయం కంచె దగ్గర ఎవరో ఫొటో తీశారు. ఇద్దరు మనుషులు, దుప్పటి కప్పిన ఒక పెద్ద ఆకారాన్ని రొప్పుతూ విమానంలోకి ఎక్కిస్తున్నారు. వెర్నన్ తిరుగు ప్రయాణంలో ఉండగా ఆ ఫొటో మార్‌బెల్‌లో ప్రతి ఫోన్‌లోకీ వచ్చింది. లావు సరిపోయింది, ఎత్తు సరిపోయింది. దుప్పటి కింద ముడుచుకుని కూర్చున్నది బర్ల్ హాచెట్టేనని నిర్ధారణ అయిపోయింది.

మార్‌బెల్‌లో దిగేసరికి గేటు దగ్గర రెండు వందల మంది. వెర్నన్ విమానాన్ని షెడ్డు వెనక ఆపాడు. అక్కడ మిస్ ఒడెస్సా చర్చి వ్యానుతో సిద్ధంగా ఉంది. ఆవిడ పొట్టేలుని మార్చుకునే వ్యవధి ఇవ్వాలి గనక అతను ఒంటరిగా విలేఖరులకి ఎదురెళ్లాడు.

"కాన్సస్ ఎందుకెళ్లారు సార్?"

"సొంత పని."

"బర్ల్ హాచెట్‌తో మాట్లాడారా?"

"ఆయనెవరో నాకు తెలియదు."

జనం గొల్లున నవ్వారు. దేశంలో ఉన్న కోచ్‌లందరి పుట్టుపూర్వోత్తరాలూ తెలిసి ఉండడమే డైరెక్టరు ఉద్యోగం. తెలియదన్నాడంటే ఒప్పందం కుదిరిపోయినట్టే.

"కిట్రెల్ సంగతి మరి?"

షెడ్డు వెనకనుంచి 'మే' అని ఒక్క అరుపు వినిపించింది. వెర్నన్ గట్టిగా దగ్గి, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"కోచ్ కిట్రెల్‌కి నా పూర్తి మద్దతు ఉంది."

"అయ్యో, తల్లీ!" అంది వెనకనుంచి ఒకావిడ. ఒక ముసలి విలేఖరి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. డైరెక్టరు పూర్తి మద్దతు ప్రకటించాక పది రోజులు దాటి ఉద్యోగంలో ఉన్న కోచ్‌ని ఆ ప్రాంతంలో ఎవరూ ఎరగరు.

మర్నాడు పొద్దున వెర్నన్ నేరుగా కిట్రెల్ ఇంటికి వెళ్లాడు. ఇంటి ముందు పచ్చికలో 'ఈ ఇల్లు అమ్మబడును' అన్న బోర్డులు పదకొండు ఉన్నాయి. అన్నీ అభిమానులు పాతినవే. లోపల వంటింట్లో పద్నాలుగు కాసరోల్ గిన్నెలు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు వండి తెచ్చే తీరులో, చీజ్ వేసినవీ, బీన్స్ వేసినవీ, ఆవిర్లు కక్కుతున్నాయి. బోర్డులు పాతిన చేతులూ గిన్నెలు మోసిన చేతులూ ఒకటేనని కిట్రెల్ భార్య నెల్డా చెప్పింది. వెర్నన్ ఆ గిన్నెల వంక చాలాసేపు చూశాడు. ఒకే మనిషిని ఒకే రోజున వెళ్లగొట్టడానికీ కడుపు నింపడానికీ ఇంత ప్రేమ ఈ జనానికి ఎక్కణ్ణుంచి వస్తోందో అతనికి అంతు చిక్కలేదు.

"మీరే స్వయంగా వచ్చారు. సంతోషం సార్," అన్నాడు కిట్రెల్ చెయ్యి కలుపుతూ.

"రాయ్స్, నేను నిన్ను తీసెయ్యడం లేదు."

"నాకు ముందున్నాయనకి కూడా బుధవారమే చెప్పారట కదా, ఇదే మాట."

వెర్నన్ చెప్పిన మాట నిజమే. బుధవారమే.

"పర్వాలేదు సార్, నాకే కష్టమూ లేదు. శనివారం దాకా ఉండనివ్వండి చాలు. పోయేముందు కుర్రాళ్లతో ఒక్క ఆట సరదాగా ఆడిస్తా." అని కిట్రెల్ అతని చేతిలో ఒక గిన్నె పెట్టాడు. "ఇది తీసుకెళ్లండి. మా ఇద్దరికీ క్రిస్మస్ దాకా సరిపోతాయి."

అక్కడ ఓస్లర్‌లో కథ ఇంకో దారి పట్టింది. బర్ల్ హాచెట్ ఆ ఏడు తొమ్మిది ఆటలాడి రెండు గెలిచాడు. సోమవారం అతన్ని పంపేద్దామని వాళ్లు అనుకుంటున్నారు కూడా. తీరా పెద్ద కాలేజీ వాడు విమానమేసుకుని దొంగచాటుగా ఎత్తుకుపోవడానికి వచ్చాడని తెలిసేసరికి వాళ్ల గుండె జారిపోయింది. చేతిలో వజ్రాన్ని పెట్టుకుని గాజుముక్క అనుకున్నామని లెంపలేసుకుని, గురువారంనాడే హాచెట్ చేత ఆరేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టించారు. శుక్రవారం వెర్నన్ ఆఫీసుకి ఒక పెట్టె మాంసం, ఒక కార్డు వచ్చాయి. 'తమరెవరో నాకు తెలియదు. మా ఇంటిల్లిపాదీ మీ పేరు చెప్పుకుని భోంచేస్తున్నాం. – బర్ల్.'

శనివారం వచ్చింది. ఎనిమిది వేల జనం ఉన్న ఊళ్లో నలభై వేల మంది పట్టే స్టేడియం. ఎప్పుడూ చూసేదే అయినా, అది నిండిన వేళ లోపలికి అడుగుపెడితే వెర్నన్ మెట్ల మీదే ఆగిపోతాడు. ఆ రోజు నిండింది. ఐదు ఓటముల తర్వాత, కోచ్ మీద అసహ్యంతో, పొట్టేలు బొమ్మల టోపీలు పెట్టుకుని నలభై వేల మంది వచ్చారు. ముందుగా పొట్టేలుని తెచ్చారు. మిస్ ఒడెస్సా పూసిన మచ్చ ఎండకి నిగనిగలాడుతోంది. పదకొండేళ్లు నిద్రలో నడిచినట్టు నడిచిన డీకన్ ఈసారి తాడు తెంపుకుని, క్లెమెంట్స్ వాళ్ల బ్యాండులో పెద్ద డ్రమ్ముని ఒక్క కుమ్ము కుమ్మి, అందులోంచి అవతలకి దూకింది. స్టేడియం లేచి నిలబడింది.

ఆట మొదలైంది. బంతి చేత పట్టుకుని పది గజాలు ముందుకి సాగడానికి జట్టుకి నాలుగు అవకాశాలు; నాలుగూ పోతే బంతి అక్కడే అవతలివాళ్లదైపోతుంది. మూడింట్లో సాగకపోతే, నాలుగోసారి బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకోవడం బుద్ధిమంతుల పద్ధతి. ఉద్యోగం మీద ఆశ ఉన్న ప్రతి కోచ్ అదే చేస్తాడు. కిట్రెల్‌కి ఇక ఆశ లేదు. ఆ రోజు అతను నాలుగోసారి ఒక్క బంతీ తన్నించలేదు. తమ సొంత గోల్ గీత దగ్గర, అందరూ తలలు పట్టుకున్న చోట కూడా, నవ్వుతూ "పరుగెత్తండ్రా!" అన్నాడు. కుర్రాళ్లు పరుగెత్తారు. ఏడాదంతా భయపడుతూ ఆడిన కుర్రాళ్లు ఆ సాయంత్రం పండక్కి వదిలిన పిల్లల్లా ఆడారు. ఆ ఏడు ఓటమి ఎరగని క్లెమెంట్స్‌ని, చివరి క్షణంలో, మూడు పాయింట్ల తేడాతో ఓడించారు. నలభై వేల గొంతులు ఒక్కటై అరిస్తే కాళ్ల కింద సిమెంటు కదలడం వెర్నన్‌కి తెలిసింది. కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. మనుషులు ఇంత ఆనందాన్ని మోయగలరని అతను అంతవరకూ అనుకోలేదు.

సోమవారం పొద్దున కాలేజీ ధర్మకర్తల మండలి వెర్నన్‌ని పిలిచింది. అధ్యక్షుడు క్లేటన్ మబ్రీ ట్రాక్టర్ల వ్యాపారి, భారీ మనిషి.

"కిట్రెల్‌కి పదేళ్లు రాసిచ్చేశాం," అన్నాడు మబ్రీ.

"దేవుడు మేలు చేస్తాడు!" అన్నాడు వెర్నన్, నిజంగా పొంగిపోయి.

"సిగ్గులేదూ ఆ మాట అనడానికి? అంత మొనగాణ్ణి తీసేసి, ఆ కాన్సస్ దద్దమ్మని తెద్దామని దొంగలా వెళ్లిందెవరు? నువ్వు ఇవాళే దిగిపోవాలి."

"క్లేటన్, నేను కోచ్ కోసం వెళ్లలేదయ్యా. పొట్టేలు కోసం వెళ్లా. డీకన్ ఆదివారమే చచ్చిపోయింది. మీరు శనివారం చూసింది వేరేది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"ఉద్యోగం కోసం ఆఖరికి నోరులేని జీవాన్ని చంపేస్తున్నావా?" అన్నాడు మబ్రీ బాధగా. "పదకొండేళ్లుగా నా చేత్తో వేరుశనక్కాయలు తినిపిస్తున్నా దానికి. శనివారం కూడా నన్ను గుర్తుపట్టి చెయ్యి నాకింది. నాకు తెలీదూ మన డీకన్?"

"మిస్ ఒడెస్సాని అడగండి, పోనీ."

అడిగారు. బైబిలు మీద ఒట్టేసింది కాబట్టి మిస్ ఒడెస్సా కిటికీలోంచి బయటకి చూస్తూ, తనకేమీ తెలియదంది.

తొమ్మిదేళ్లలో ఉన్నదానికన్నా మెరుగైనదాన్ని తను తెచ్చింది ఒక్కసారేనని, అది ఈ పొట్టేలేనని, ఆ మార్పు జరిగినట్టే ఎవరికీ తెలియలేదని వెర్నన్‌కి అప్పుడు తట్టింది. కానీ పెద్ద విచారం కలగలేదు. కిట్రెల్ ఉన్నాడు. ఒట్టు నిలిచింది.

"సరే, నేను పోతాను," అన్నాడు. "మరి నా బదులు ఎవరిని తెస్తున్నారు?"

"ఇంకా అనుకోలేదు," అన్నాడు మబ్రీ. "ఎవడొచ్చినా నీకన్నా నయమేలే."

ముగ్గురు కోచ్‌లని పంపేసినప్పుడు మూడుసార్లూ తనూ సరిగ్గా ఆ మాటే అన్నవాడు గనక, వెర్నన్ ఇంకేమీ వాదించకుండా తాళాలు బల్ల మీద పెట్టాడు.