మేనేజరుగారి నిరుద్యోగ భృతి

జోహన్నెస్‌బర్గ్ మహానగరంలో నివసిస్తున్న జింబాబ్వే ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, శ్రీ జెఫానియా మడోండో గారి ఉద్యోగం మొన్న మార్చిలో పోయింది. ఈ సంగతి ప్రజానీకానికి ఇంతవరకూ తెలియకపోవడానికి కారణం ఆయన చెప్పకపోవడమే. భార్య సెకైకి మాత్రం చెప్పాడు. అదైనా, ఆవిడ జీతం ఏదని అడిగింది కాబట్టి.

ఆయన పనిచేసింది ఒక టైల్స్ షాపు గోడౌన్‌లో. లారీ ఖాళీగా వస్తే పెట్టెలు ఎక్కించేవాడు, నిండుగా వస్తే దించేవాడు. షాపు మూతపడింది, పని పోయింది. కానీ సొంతూరు మస్వింగోలో ఆయన మేనేజరు. ఇది ఆయన ఆడిన అబద్ధమనుకునేరు, పాపం, కాదు. మొదటిసారి ఊరెళ్ళినప్పుడు ఆయన తెల్లచొక్కా చూసి ఎవరో "మేనేజరువా బాబూ?" అన్నారు. ఆయన కాదనలేదంతే. సరిహద్దులోని లింపోపో నది దాటి వచ్చిన మా అందరి ప్రమోషన్లూ ఇలా వచ్చినవే. నదికి అవతల మేం బడిపంతుళ్ళం, ఇవతల హోటళ్ళలో ప్లేట్లు కడిగేవాళ్ళం, ఊళ్ళోవాళ్ళ నోటమ్మట ఆ హోటళ్ళకి ఓనర్లం.

పైగా జెఫానియా మస్వింగో అంత్యక్రియల సంఘానికి అధ్యక్షుడు కూడాను. పరాయి దేశంలో మనవాడెవడైనా పోతే శవాన్ని సకల మర్యాదలతో సొంతూరికి పంపించడం ఆ సంఘం ఆశయం. బతికున్న మనవాడికి కష్టమొస్తే సంఘం ఏమీ చెయ్యదు. నియమావళిలో అలాంటి అవకాశం లేదు. సంఘం సాయం కావాలంటే ముందు చావాలి. ఇకపోతే, అధ్యక్షుడిగా ఉండేవాడికి గౌరవప్రదమైన ఉద్యోగం ఉండితీరాలని అదే నియమావళిలో రాసి ఉంది. రాసింది జెఫానియాయే.

అందుచేత ఆయన రోజూ పొద్దున్నే సూటు వేసుకుని, టై కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని యోవిల్‌లోని అద్దెగది నుంచి బయల్దేరేవాడు. సాయంత్రం దాకా పార్కులో కూర్చుని, అలసిపోయినట్టు తిరిగొచ్చేవాడు. నిజంగానే అలసిపోయేవాడు. ఏ పనీ లేకుండా సూటులో కూర్చోవడం ఎంత కష్టమో చేసి చూస్తేగాని తెలియదు.

ఒకనాడు సెకై డబ్బా సర్దడం ఆపేసింది.

"తదివా నాన్నా, ఇంకెన్నాళ్ళీ పార్కు ఉద్యోగం? పని పోతే ఇస్తామని నెలనెలా నీ జీతంలో కోశారు కదా. వెళ్ళి తెచ్చుకో."

"వెళ్ళి? నాకు పని లేదని చెప్పమంటావా?"

"మరి ఉందని చెబితే ఇస్తారేంటి?"

"నలుగురూ చూస్తారే."

"చూడనీ! నెలాఖరుకి అద్దె కట్టకపోతే నేనూ పిల్లా మస్వింగో బస్సెక్కాల్సిందే. దాని బడి మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఆ నలుగురూ వచ్చి నీకు మొక్కజొన్నపిండి సద్జా ముద్ద వండి పెడతారేమో అడుగు."

 కూతురు తదివా ఇప్పుడిప్పుడే వీధిలోని బోర్డులన్నీ కూడబలుక్కుని చదువుతోంది. రాత్రి నాన్న మెడ చుట్టూ చెయ్యేస్తేగాని నిద్రపోదు. ఆ పిల్ల లేని గదిలో నిద్రపోవడం ఆయన వల్ల కాదు. మర్నాడే నిరుద్యోగ భృతి ఆఫీసుకి బయల్దేరాడు.

సూటు వేసుకునే బయల్దేరాడు. మేం ప్రభుత్వ ఆఫీసుకి సూటు లేకుండా వెళ్ళం. పోలీసులు మమ్మల్ని పట్టుకుపోవడానికొచ్చినా ఒక్క నిమిషం ఆగమని సూటు వేసుకుని వెళతాం. బూట్లు తళతళలాడాలి, చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ల ఫైలు ఉండాలి. గేటు దగ్గర కాపలావాడు ఆ బూట్లూ ఆ ఫైలూ చూసి లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. లోపలికి కబురెళ్ళింది. తనిఖీకి పైనుంచి ఎవరో పెద్దాయన వచ్చారని ఆఫీసంతా ఒక్కసారిగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఎవరో కుర్చీ వేశారు, ఇంకెవరో టీ తెచ్చారు.

అప్పుడు జెఫానియా నోరు తెరిచి "అయ్యా, నేను డబ్బుల కోసం వచ్చిన నిరుద్యోగిని" అని ఉండాల్సింది. అందామనే అనుకున్నాడు. కానీ అంత గౌరవంగా ఇచ్చిన టీ తాగుతూ ఆ మాట ఎలా అంటాడు చెప్పండి? అందుకని గంభీరంగా తలాడిస్తూ గదులన్నీ తిరిగాడు. మరుగుదొడ్డిలో కుళాయి కారుతుంటే వెంటనే బాగుచేయించమని ఆదేశించాడు. బయటి లైన్లో జనం ఎండకి మాడిపోతున్నారు, రేకులు వేయించమన్నాడు. "తప్పకుండా సార్" అన్నారు. అలా ఆయన ఒక పూటంతా ఉద్యోగం చేసి, జీతం లేకుండా ఇంటికొచ్చాడు.

"ఏమన్నారు?" అంది సెకై.

"చాలా మర్యాదస్తులు" అన్నాడు.

రెండోసారి బుద్ధిగా లైన్లోనే నిలబడ్డాడు. చూస్తే లైనంతా సూట్లే. పెళ్ళికి వచ్చినట్టున్నారు జనం. సరిగ్గా ఆయన ముందు నిలబడింది ఎవరయ్యా అంటే, సంఘం కోశాధికారి ఎనోక్ చివాసా. ఊళ్ళో ఆయన బ్యాంకు ఆఫీసరు. ఇక్కడ ఏ బ్యాంకు బయటో కార్లు కడిగేవాడని అంటారు, మనకెందుకు.

"ఓహో, షుంబా!" అన్నాడు చివాసా ఉలిక్కిపడి. షుంబా అంటే సింహం. అది మడోండోల వంశం గుర్తు, మాలో మర్యాదకి మనిషిని అలాగే పిలుస్తాం. "అధ్యక్షులవారు ఇక్కడెందుకున్నారు?"

"నా కోసం కాదులే. మా కింద పనిచేసేవాడొకడు ఉన్నాడు, చదువు లేనివాడు. వాడి పని చూసిపెడదామని."

"అరే, నేనూ అంతే! మా తోటమాలి కోసం వచ్చా." చివాసా ఉండేది నాలుగో అంతస్తులో, కిటికీ కూడా లేని గదిలో.

వెనకాల గురజేనా గారు, చర్చిలో మహిళా విభాగం పెద్ద, గొడుగు సవరించుకుని అంది: "పాపం, ఏం చేస్తాం. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి కోసం నేనొచ్చాను. పేదవాళ్ళకి మనమే కదా దిక్కు."

విచారించగా ఆ లైన్లో ప్రతి ఒక్కరూ ఇంకొకరి కోసమే వచ్చారు. పనిలేనివాళ్ళ మీద అంత జాలి ఒక్కచోట చేరడం ఈ నగర చరిత్రలోనే లేదు. జాలిగా మాట్లాడుకుంటూ సాయంత్రం దాకా నిలబడ్డారు. కిటికీ దగ్గరికెళ్ళి "నాకే" అని మిగతావాళ్ళ ముందు అనలేక, ఒక్కొక్కరూ ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తప్పుకున్నారు. ఇలా చాలా రోజులు జరిగింది.

చివరికి భృతి అడగడానికి గడువు ముగిసే రోజొచ్చింది.  ఆ పొద్దున సెకై పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుతూ కూర్చుంది. జెఫానియా ఆ సంచి వంక చూశాడు. ఇవాళ నాకేనని చెప్పేస్తాను, ఎవరేమనుకుంటే నాకేం అని ఒట్టు పెట్టుకుని వెళ్ళాడు.

కిటికీలో దుబజానా గారనే పెద్దావిడ కూర్చుంది. ఈ దేశపు జులూ మనిషి, మంచి మనిషే, కానీ విసిగిపోయి ఉంది.

"చూడండి బాబూ, అమ్మా! మీ తోటమాళ్ళూ పనివాళ్ళూ ఎక్కడున్నారో నాకు తెలీదు. ఎవరి డబ్బు వాళ్ళకే ఇస్తాను. మీ యజమానులు పంపిన జాబితాలోంచి పేరు పిలుస్తా, ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. ఇవాళ దాటితే నేనూ ఏం చెయ్యలేను. మడోండో!"

 లైనులో అందరూ వెనక్కి తిరిగి, ఎవరా మడోండో అని వెతికారు. చివాసా కూడా వెతికాడు.

"మడోండో జెఫానియా! ఉన్నాడా లేడా?"

ఆయన చెయ్యి లేచింది. నిజంగా లేచింది, భుజం దాకా వచ్చింది. అంతలో చివాసా ఆశ్చర్యంగా, "షుంబా! ఏమిటిది, మీరు..." అన్నాడు.

ఆ చెయ్యి అలాగే వెళ్ళి టై సర్దుకుంది.

"టైమెంతయింది? మీటింగుంది నాకు" అన్నాడు జెఫానియా.

"మడోండో! ఆఖరిసారి పిలుస్తున్నా. లేడు. చివాసా!"

జెఫానియా మర్యాద తెలిసినవాడు. వెంటనే వెనక్కి తిరిగి, ఎవరా చివాసా అని వెతకసాగాడు. చివాసా కూడా ఆయనతోపాటే వెతికాడు. గురజేనా గారి పేరు పిలిచినప్పుడు ఇద్దరూ కలిసి ఆకాశం వంక చూశారు.

ఆ సాయంత్రం సదరు ఆఫీసు ఒక ప్రకటన విడుదల చేసింది. జింబాబ్వే నుంచి వచ్చిన కార్మికుల్లో భృతికి అర్హులెవరూ హాజరు కాలేదనీ, కాబట్టి వారిలో నిరుద్యోగమన్నదే లేదనీ తేలిందన్నారు. రేడియోవాళ్ళు పొద్దుటి నుంచి రాత్రి దాకా అదే చదివారు.

ఆదివారం సంఘం ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేసింది. చివాసా లేచి గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! కష్టించే తత్వం మన రక్తంలోనే ఉంది. ఈ గడ్డమీద మనవాడొక్కడు కూడా ఖాళీగా లేడని సాక్షాత్తూ ప్రభుత్వమే ఒప్పుకుంది. ఈ ఘనతకి మూలం మన అధ్యక్షులవారి ఆదర్శ జీవితం. చప్పట్లు!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. అందరికంటే చివర ఆపింది జెఫానియా. కోకాకోలా సీసాలు పంచారు. అవి అరువు మీద తెచ్చినవని తర్వాత తెలిసింది.

నెలాఖరున సెకై, తదివా బస్సెక్కారు. బస్టాండులో కనబడ్డ ప్రతివాడికీ జెఫానియా అడక్కుండానే "సెలవులకి వెళుతున్నారు" అని చెప్పాడు. అది బడి సెలవుల కాలం కాదు. తదివా కిటికీలోంచి చెయ్యి చాచి నాన్న వేలు పట్టుకుంది. "సెలవులు ఎప్పుడైపోతాయి నాన్నా?" అని అడిగింది. ఆయన రెండో చేత్తో ఆ పిల్ల గౌను కాలరు సర్దాడు. 

అదే సమయానికి వీధి మలుపులో ఈ దేశంవాళ్ళ పెద్ద ఊరేగింపు బయల్దేరింది. అట్టముక్కలు, కర్రలు, పాటలు. "ఉద్యోగాలన్నీ వీళ్ళే తన్నుకుపోయారు! ఒక్కడు కూడా ఖాళీగా లేడంట! రేడియోలో చెప్పారు!" వాళ్ళూ పనిలేనివాళ్ళే. కాకపోతే ఆ మాట వాళ్ళు నలుగురికీ వినబడేలా చెప్పుకుంటారు. బస్టాండులో మనవాళ్ళు ఎటువాళ్ళటు పరిగెత్తారు.

బక్కగా, జుట్టు నెరిసిన మనిషొకడు తిన్నగా జెఫానియా దగ్గరికొచ్చి నిలదీశాడు. "ఏయ్, సూటు! నువ్వేం ఉద్యోగం చేస్తున్నావు?"

సెకై బస్సులోంచి అరిచింది. "తదివా నాన్నా! నిజం చెప్పు! నీకు పని లేదని చెప్పు, నీకు పుణ్యముంటుంది!"

జీవితంలో మొదటిసారి నిజం చెబితే ప్రాణం దక్కే అవకాశం వచ్చింది జెఫానియాకి. చెబుదామనే నోరు తెరిచాడు. బస్సులో మస్వింగోవాళ్ళందరూ కిటికీలకి అతుక్కుపోయి చూస్తున్నారు.

"మేనేజర్ని" అన్నాడు.

ఆ మనిషి కర్ర దించాడు. టోపీ తీశాడు. దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి, "సార్, మీ దగ్గర నాకేమైనా పని దొరుకుతుందా? ఏదైనా చేస్తాను" అన్నాడు.

"సోమవారం కనబడండి" అన్నాడు జెఫానియా.

ఆ మనిషి వెనక్కి తిరిగి, ఈయన జోలికెవరూ రావద్దని తనవాళ్ళకి చెప్పి దారి ఇప్పించాడు. పరువు దక్కింది. బస్సు కదిలింది. వేలు విడిపించుకుని వెళ్ళిపోయిన ఆ చిన్న చెయ్యి కిటికీలో కాసేపు కనబడింది.

మూడోనాడు సెకై ఫోన్ చేసింది.

"చేరామయ్యా. పిల్ల నిన్నే కలవరిస్తోంది."

"మీ అమ్మ ఏమైనా అడిగిందా? ఎందుకొచ్చావని?"

"అడగదూ మరి."

"ఏం చెప్పావు?"



"ఏం చెప్పమంటావు? పక్కింటివాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. నీకు ఇంకా పెద్ద పోస్టు ఇచ్చారని, పని ఎక్కువై నువ్వు రాలేకపోయావని చెప్పా. అమ్మ ఎంత సంతోషించిందో. మా తమ్ముణ్ణి నీ దగ్గరికి పంపిస్తోంది, పని ఇప్పించమని. రేపటి బస్సుకే."

మాలో భార్య తమ్ముడంటే మామగారితో సమానం. కాదనడానికి వీల్లేదు. జెఫానియా ఫోన్ పెట్టేసి, సూటు ఇస్త్రీ చెయ్యడానికి కూర్చున్నాడు. ఇదంతా చదివి మీరు నవ్వుకుంటున్నారు, మంచిదే. కానీ ఆ కుర్రాణ్ణి బస్సెక్కించిన జనంలో మీరూ ఉన్నారు. "ఫలానావాడు పైదేశంలో పెద్ద పొజిషన్‌లో ఉన్నాడటగా, మీవాణ్ణి ఇంకా ఇంట్లో కూర్చోబెట్టారేం?" అని మొట్టమొదట అడిగింది మీరే.