విడిది బాకా మాయం

"నేరం ఎక్కడ తలెత్తితే నరసింగరావు అక్కడ కాలు మోపుతాడు! ఈ బాకా దొంగ పాతాళంలో దాక్కున్నా సరే, సాయంత్రం రైలు వచ్చేలోగా వాణ్ణి మీ కాళ్ళ దగ్గర పడేస్తాను!"

ఈ ప్రకటన వైశాఖమాసంలో, రెయిన్‌కోటులో, ఒక కొబ్బరిచెట్టు కింద వెలువడింది. నౌపడ పక్కనున్న ఆ ఊళ్ళో నరసింగరావు ఉప్పు తూకం వేస్తాడు. స్టేషను కొట్లో అద్దెకిచ్చే నవలలు చదివి డిటెక్టివు కూడా అయ్యాడు. కేసు రావడం మాత్రం ఇదే మొదలు.

మైకుసెట్టు దాలయ్యకి ఏడుపు ఒక్కటే తక్కువ. ఎడ్లను అమ్మి కొన్న సెట్టు అది. ఆ రోజుల్లో పెళ్ళి గొప్ప మైకు బాకాలతో తేలేది. ఒక బాకా పెళ్ళి వేరు, రెండు బాకాల పెళ్ళి వేరు. నారాయణమూర్తి కూతురు పద్మకుమారికి సంబంధం కుదిరినప్పుడే మగపెళ్ళివారు చెప్పేశారు: ఒకటి పందిట్లో, ఒకటి విడిది ముందు, తాము రైలు దిగి వచ్చేసరికి మోగుతూ ఉండాలి. ముందురోజు సాయంత్రం దాలయ్య కల్లుగీసే సూరయ్యని చెట్టెక్కించి, విడిది ముందు కట్టించాడు. మిగిలిన వైరు చుట్ట కూడా చెట్టు మొవ్వులోనే ఉంచాడు. తెల్లారేసరికి బాకా లేదు. మూతి చుట్టూ 'దాలయ్య సౌండ్స్' అని రంగుతో రాయించిన బాకా. మగపెళ్ళివారు అలిగితే ఆ చుట్టుపక్కల ఇంకే పెళ్ళికీ దాలయ్యని పిలవరు.

"సెట్టెక్కి సూత్తాను బాబూ. వైరు ఎటెల్లిందో తెలుస్తాది" అన్నాడు దాలయ్య.

"ఆగు! ఇది నేరస్థలం. చీమ కూడా కదలరాదు!" నరసింగరావు తన తువ్వాలు చెట్టుకి చుట్టి ముడి వేశాడు. వంగి, భూతద్దంలోంచి చూశాడు. "ఈ బీడీ ముక్క తాగినవాడే దొంగ."

"అది నాను తాగిందే."

"అయితే నువ్వూ ఊరు విడిచి వెళ్ళకూడదు."

"పెళ్ళొదిలీసి ఎక్కడికి ఎల్తాను బాబూ? సూరయ్యని అడుగుదావంటే ఆడు పొద్దుటే అత్తారూరు ఎల్లిపోనాడు."

"పరారీ! అంటే నిర్దోషి. మొదట అనుమానం వచ్చినవాడు దొంగ కాడు. ఏ నవలైనా చూసుకో."

ఆ తర్వాత ఊళ్ళో ప్రతి ఇల్లూ సోదా అయింది. వంటవాడు బాకాని నూనె పోసుకునే గరాటుగా వాడాడేమోనని పెళ్ళివారి పొయ్యిల దగ్గర విచారణ ఎక్కువసేపు సాగింది. అక్కడ బూందీలో విషం లేదని రుజువైంది. తర్వాత గారెల్లోనూ లేదని రుజువైంది.

"మరి మీ ఇల్లు సూడరా?" అన్నాడు దాలయ్య.

"డిటెక్టివు ఇంట్లో దొంగసొత్తా? పైగా జగ్గమ్మ లోపల ఉంది."

జగ్గమ్మ ఆయన భార్య, నారాయణమూర్తికి అక్క. ముందురోజు పందిట్లో మైకు మోగగానే నారాయణమూర్తి ఆనందం పట్టలేక ఊరందరినీ అందులోనే పిలిచేశాడు. అక్కనీ అందులోనే పిలిచాడు. "తోడబుట్టినదాన్ని, బొట్టెట్టి పిలవక బాకాలో పిలుస్తాడా? ఆ పందిట్లో నాను కాలెట్టను. నువ్వెట్టినా ఊరుకోను" అని మొగుడికి చెప్పి తలుపేసుకుంది జగ్గమ్మ.

పొద్దు వాలింది. రైలు వేళ అవుతోంది. దాలయ్య పందిట్లో ఉన్న బాకానైనా మోగిద్దామని బ్యాటరీ తగిలించి స్విచ్చి నొక్కాడు. చప్పుడు లేదు. పాతకాలపు వాల్వుల సెట్టు. వేడెక్కితే గాని గొంతు విప్పదు. ఆ కంగారులో దాలయ్యకి ఆ సంగతే తట్టలేదు. బల్ల కిందకి దూరి బ్యాటరీ క్లిప్పులు బిగించసాగాడు.

నరసింగరావు బల్ల మీదికి వంగాడు. మూతికి రుమాలు కట్టిన మైకు ఆయన గడ్డం కిందే ఉంది.

"దాలయ్యా, నీ ఒక్కడికే చెప్తాను. ఈ కేసు నాకు అంతు చిక్కలేదు."

"మరేటి సేసినారు పొద్దుట్నుంచీ?"

"రెండు బంతుల్లో భోంచేశాను. కేసని చెప్పకపోతే మా ఇంటిది ఇటు రానిస్తుందా? తెలిస్తే చీపురు తిరగేస్తాది. అలిగిందే గాని రాత్రల్లా ఏడ్చింది రా. ఆ పిల్లని ఎత్తుకుని పెంచింది ఆవిడే మరి."

దాలయ్య తల బల్లకి కొట్టుకుంది. రెండు బంతుల దగ్గర్నుంచీ మాటలన్నీ పందిరి మీద నుంచి పిడుగుల్లా పడ్డాయి. అవే మాటలు విడిది వెనకనుంచి కూడా వినిపించాయి. అక్కడ ఉన్నది ఒకటే పెరడు. నరసింగరావుది.

"నా బాకా!" అని దాలయ్య కేక వేశాడు. అదీ రెండు చోట్లా మోగింది.

దాలయ్య పరుగెత్తేలోపే చీపురుతో జగ్గమ్మ వచ్చేసింది.

"నానేడిసినానా? ఊరందరికీ సెప్తావేటి? రెండు బంతులా నీకు? ఇంటికాడ గంజి కాసి కూకున్నాను!"

"అది కాదే, విచారణ..." అంటూ డిటెక్టివు బల్ల వెనక్కి జరిగాడు.

"నా పెరట్లో బాకా ఎట్టించింది నానే. సెట్టు మీది వైరు సుట్ట ఇప్పించి సూరయ్య సేత రాత్రే కట్టించినాను. నా మేనకోడలి పెళ్ళి మంత్రాలు నాను ఇననక్కర్లేదేటి? వంటింట్లోకి మూతెట్టించుకుంటే, మంత్రాలకి ముందు ఈ మహానుబావుడి కూతలు ఇనబడ్డాయి!"

జనం గొల్లుమన్నారు. జగ్గమ్మ చుట్టూ చూసింది. తాను నిలబడింది పందిరి నడుమ.

పెళ్ళిపీట మీదికి రావాల్సిన పద్మకుమారి పసుపుబట్టలతోనే కుంకుమ భరిణె పట్టుకు వచ్చింది. "అత్తా, తల వంచు" అంది. జగ్గమ్మ చీపురు మొగుడి చేతికిచ్చి తల వంచింది. నారాయణమూర్తి దూరంగా నిలబడి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

రైలు కూత వినిపించింది.

"అమ్మా, బాకా..." అన్నాడు దాలయ్య.

"అక్కడే ఉండనీరా. విడిదేపు మూతి తిప్పీసుకో."

మగపెళ్ళివారు విడిదిలో కాలు పెట్టేసరికి దాలయ్య సౌండ్స్ మోగుతూనే ఉంది. పెళ్ళికొడుకు పెదనాన్న అంతా చూసి, "మా బాకా ముందు ఉండాలి గాని, పెరట్లోనేటమ్మా?" అన్నాడు.

"మా ఊరి ఆచారం" అంది జగ్గమ్మ.

పందిట్లో నరసింగరావు రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు. "మహాజనులారా! ఈ మహా కుట్రని నేను ఎలా ఛేదించానంటే..."

ఆ మాట పూర్తయ్యేలోపే దాలయ్య మైకు ఆపేశాడు.